వంగపండు రంగు జాకెట్ ముక్క

నా భార్య విజయశ్రీ అబద్ధాలు రాసి చీరలు అమ్ముతున్నదేమో అన్న అనుమానం నా మనసులో ఏడేళ్లు ఉంది. ఆమె ఉన్నన్నాళ్లూ అడగలేకపోయాను. పోయాక అడగడానికి మనిషి లేదు. ప్రతి సోమవారం మార్కండేయుడి పటం ముందు దీపం వెలిగించి, నా తప్పులతో పాటు ఆమె తప్పును కూడా మన్నించమని దండం పెట్టుకునేవాణ్ణి. 'ఏ తప్పురా?' అని స్వామి తిరిగి అడిగితే ఏం చెప్పాలో నాకే తెలియదు.

నేను మగ్గం మనిషిని. సూరత్ వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. జోల్వాలో ఒక సేఠ్ కార్ఖానాలో సాంచాలు నడుపుతాను. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచా అంటారు. బట్ట మీద చెయ్యి వేస్తే పోగు ఎక్కడ తప్పిందో నా వేళ్లకు తెలిసిపోతుంది. విజయశ్రీ పని వేరు. బమ్రోలిలో మేముండే ఒంటి గదిలో కూర్చుని, మార్కెట్ నుంచి తెచ్చిన చీరలకు ఫోటోలు తీసి, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు చిన్న దుకాణాలు నడిపే ఆడవాళ్లకు మెయిల్ రాసేది. ఒకసారి ఫోన్ పాడై వాట్సాప్‌లోని ఆర్డర్లన్నీ పోయాయి. అప్పటినుంచి ఏదైనా మెయిల్‌లోనే. "ఇందుల రాస్తె పెట్టెల పెట్టి తాళమేసినట్టు. ఏడికి పోదు" అనేది.

ఒకసారి పోగు తప్పిన చీరలు అరవై వచ్చాయి. ఒకటి విప్పి చూసి, "ఇవి ఎవలు కొనరు, వాపస్ ఇచ్చెయ్" అన్నాను. పది రోజుల్లో అరవై చీరలూ అమ్ముడుపోయాయి. కట్టలు పార్సిల్ ఆఫీసుకు మోసింది నేనే.

"ఏం రాసినవే వాళ్లకు?" అని అడిగాను.

"ఉన్నదే రాసిన," అని నవ్వి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఉన్నది ఉన్నట్టు రాస్తే పోగు తప్పిన చీరను, కళ్లతో చూడని చీరను, ఎవరు కొంటారు? ఆ నవ్వులోనే నాకు అనుమానం పుట్టింది.

నిరుటి ఎండాకాలం నాటికి ఆమె పోయి పద్నాలుగు నెలలు. పెళ్లిళ్లకని, పొలం పనులకని సాంచాలు నడిపే కారిగర్లు చాలామంది ఊళ్లకు పోయారు. కార్ఖానాలో సగం సాంచాలు ఆగిపోయాయి. మధ్యాహ్నం రెండింటికే మమ్మల్ని ఇంటికి పంపేవారు. ముప్ఫై ఏళ్లుగా చప్పుడులో బతికినవాడికి ఆ మధ్యాహ్నాలు ఎట్లా గడపాలో తెలియదు. మా అమ్మాయి రుచిత కామ్‌రేజ్‌లో ఆన్‌లైన్ బట్టల కంపెనీలో పని చేస్తూ అక్కడే ఇంకో ఇద్దరు అమ్మాయిలతో గది తీసుకుని ఉంటుంది. పక్కగది బుచ్చిరాములు ఒక్కడే నాకు మాటల తోడు. అతను కూడా సంచి సర్దుకున్నాడు.

"సోమన్నా, నువ్వు గూడ ఊరికి రారాదే? గీ ఎండల ఈడ ఎవలికి కాపలా ఉంటవ్?"

"స్వామికి దీపం ఎవలు పెడుతరు?"

"ఆయనకు గూడ జర ఛుట్టీ ఇయ్యి. పటంల ఉన్నా ఉడుకపోతది గదా!"

అతను పోయాక ఆ వరండాలో నా చెప్పులు మాత్రమే మిగిలాయి.

విజయశ్రీ ఫోన్ దేవుడి గూట్లో పటం పక్కనే ఉండేది. సిమ్ ఎప్పుడో బందైపోయింది. వాడని నంబర్‌కు రీచార్జ్ దండగ అనుకున్నాను. నా ఫోన్ నెట్ కలుపుకుని ఆమె మెయిల్ పెట్టె తెరిచి, దుకాణాల వాళ్లు ఆమెకు రాసినవి చదువుకునేవాణ్ణి. 'విజయా, పెండ్లిళ్ల సీజన్ వచ్చింది, కొత్త చీరల ఫోటోలు పంపుతలేవేంది?' 'చెల్లె, కోపమొచ్చిందా?' మొదటి నెలల్లో ఇట్లాంటివి చాలా వచ్చాయి. తర్వాత తగ్గిపోయాయి. నేను ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు. ఇవ్వాలంటే మొదటి వాక్యం ఏమని రాయాలి?

ఆమె రాసినవి వేరే ఉంటాయి, 'పంపినవి' అన్నచోట. అక్కడ మాత్రం వేలు పెట్టలేదు. తెరిస్తే నా అనుమానం నిజమని తేలుతుందేమోనన్న భయం.

వైశాఖం చివర్లో ఒక గురువారం మధ్యాహ్నం ఆ పెట్టెలోకి కొత్త మెయిల్ వచ్చింది. చాలా రోజులకు వచ్చింది కదా అని సంబరంగా తెరిచాను.

'ప్రియమైన వినియోగదారు, మీ మెయిల్‌బాక్స్ 24 గంటలలో శాశ్వతంగా తొలగించబడును. మీ సందేశములు నిలుపుకొనుటకు దిగువ నొక్కి రహస్యపదమును నిర్ధారించుము.'

రెండుసార్లు చదివాను. రుచితకు ఫోన్ చెయ్యాలనిపించింది. కానీ కిందటిసారి వచ్చినప్పుడే, "బాపూ, ఆ మెయిల్ బంద్ చేసెయ్. రోజూ చూసుకుంట కూసుంటె నీ పానం ఖరాబైతది" అని వెళ్లింది. ఈ సంగతి చెబితే పోనియ్యి అంటుందని ఊరుకున్నాను. బుచ్చిరాములు ఉండి ఉంటే అతనికైనా చూపించేవాణ్ణి.

రహస్యపదం ఏమిటో నాకు తెలుసు. క్యాలెండర్ వెనక విజయశ్రీయే రాసిపెట్టింది. మార్కండేయుడి పేరు, పక్కన రుచిత పుట్టిన సంవత్సరం. యముడు పాశం విసిరినప్పుడు శివలింగాన్ని కావలించుకుని బతికిన పిల్లవాడి పేరు అది. మా పద్మశాలీలకు ఆయనే మూలపురుషుడు. చావు గడప దాకా వచ్చినప్పుడు ఆ పేరు తలుచుకోవాలని మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆమె పెట్టె రేపటికల్లా చచ్చిపోతుందని రాసి, అడిగింది ఆ పేరే కదా. ఒక్కో అక్షరం స్మరించుకుంటూ కొట్టాను. 'ధన్యవాదములు' అని వచ్చింది. లేచి పటానికి హారతి ఇచ్చాను.

మర్నాడు పెట్టె తెరుచుకోలేదు. రహస్యపదం తప్పు అన్నది. నా వేళ్లే తడబడుతున్నాయనుకుని రోజుకు పదిసార్లు కొట్టి చూశాను. ఎవరికీ చెప్పలేదు.

అమావాస్య రోజు పొద్దున, కార్ఖానాకు పోయే ఆటో కోసం నిలబడి ఉంటే తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"సూరత్ సోమలింగమన్నేనా? నేను కోరుట్ల పద్మారాణిని. బట్టల దుకాణం. పార్సిల్ కట్ట మీద మీ నంబర్ ఉంటె చూసి చేస్తున్న. విజయ ఉన్నదా జర?"

ఆ పేరు నాకు బాగా తెలుసు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. కానీ విజయశ్రీ నోట పద్మక్క మాట రాని రోజు ఉండేది కాదు.

"ఏమైంది చెప్పుండ్రి," అన్నాను.

"ఆమె పేరు మీద మెయిల్ వచ్చింది అన్నా. దవాఖానల ఉన్నదట. పాత ఖాతా బందైందట. గీ కొత్త ఖాతాల పదిహేను వేలు ఇయ్యాల్నే ఎయ్యాల్నట, చీరలు తర్వాత పంపుతదట. ఆమె మెయిల్ నుంచే వచ్చింది. కని నాకు నమ్మబుద్ధి కాలే."

"ఎందుకు?"

"ఇయ్యాల అమాస. అమాస నాడు ఒక్క రూపాయి అడిగిన మనిషి గాదు ఆమె. నేను మరిచి పంపినా, రేపు పంపరాదక్కా అని వాపస్ ఏసేది. ఇంకోటి, ప్రియమైన కస్టమర్ అని ఉన్నది. పద్మక్కా అనకుంట ఒక్కటంటె ఒక్క మెయిల్ రాయలే నాకు. అందుకే అంటున్న, ఒక్కసారి మాట్లాడియ్యి."

ఆటో వచ్చి ఆగింది. పొమ్మని చెయ్యి ఊపాను.

"పైసలు ఎయ్యకుండ్రి. అది దొంగ మెయిల్," అన్నాను.

"సరే, ఎయ్య. విజయకియ్యి."

"విజయ లేదక్కా. పోయినేడు శివరాత్రి దాటినంక పోయింది."

వాళ్ల దుకాణం ముందు నుంచి బస్సు పోయిన చప్పుడు వినబడింది.

"పోయినేడా?" అన్నది చివరికి. "గిన్ని నెలలు నాకు ఎవ్వలు చెప్పలే."

"నేనే చెప్పాలె. చెప్పలే."

"అయ్యో, ఆ జాకెట్ ముక్క…" అని ఏదో అనబోయి ఆపేసింది. "ఏం లేదులే అన్నా. మల్ల చేస్త." ఫోన్ పెట్టేసింది.

నేను ఫోన్ చేస్తే రుచిత ఆ సాయంత్రమే కామ్‌రేజ్ నుంచి వచ్చింది. చెప్పులు విడవకముందే ఫోన్ అందుకుంది. నేను నొక్కిన మెయిల్ గురించి చెప్పాను. తన ఫోన్‌లో అరగంట సేపు ఏవేవో ప్రయత్నించింది.

"కోడ్ మమ్మీ నంబర్‌కే పోతది అంటుంది. ఆ సిమ్ ఏది?"

"బందైంది గదా."

"అరె భగవాన్!" ఫోన్ చాప మీద పడేసింది. "బాపూ, మెయిల్ల పేరు చూసుడు కాదు, పంపినోని అడ్రస్ చూడాలె. ఒక్కదినంల బందైతది అని భయపెట్టిండు. జల్దీ చెయ్యమన్నడు. ఈడ నొక్కుమన్నడు. మూడూ ఒక్క మెయిల్ల ఉన్నయ్. ఇంకేం కావాలె నీకు? దిఖా నహీ క్యా?"

"నాకు మీ మమ్మీ పెట్టె పోతదనే కనబడ్డది బిడ్డా."

ఆమె గొంతు తగ్గింది. సైబర్ నేరాల నంబర్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించింది. వాళ్లు అడిగినవన్నీ ఓపికగా చెప్పింది. అంతా అయ్యాక నాకొక సందేహం వచ్చి అడిగాను.

"మీ ఆఫీసుల నువ్వు రాసేటివి గూడ మెయిల్సే గదా. ఆఖరి రెండు గంటలు, జల్దీ కొనుండ్రి అని రాస్తమన్నవ్. నిజంగ రెండు గంటలేనా?"

"రోజూ రెండు గంటలే," అన్నది తల దించుకుని. "అది మార్కెటింగ్ బాపూ. దొంగతనం కాదు."

"కాదులే. ఫరక్ ఏందా అని అడుగుతున్న, అంతే."

ఆమె లేచి ఫోన్ చార్జింగ్‌కు పెట్టింది.

విజయశ్రీ పార్సిల్ రసీదులన్నీ ప్లాస్టిక్ సంచిలో వేసి మేకుకు తగిలించేది. వాటి మీద అందరి నంబర్లూ ఉన్నాయి. ఇరవై మూడు మంది. రుచిత తానే ఫోన్ చేస్తానన్నది. నేను ఒప్పుకోలేదు. ఒక్కొక్కరికీ రెండు మాటలు చెప్పాలి. మెయిల్ నమ్మవద్దన్న మాట నిమిషంలో అయిపోయేది. రెండో మాటకే ఎక్కువసేపు పట్టేది. ఒకామె ఏడ్చింది. ఒకామె నన్నే దొంగ అనుకుని, "విజయమ్మ మొగని గొంతు గిట్లుండది, నీ పేరేంది చెప్పు?" అని గదమాయించింది. వాళ్లల్లో చాలామంది డబ్బు వెయ్యలేదు. వేసినవాళ్లలో రాయికల్ చిన్నవ్వ ఒకరు. మూట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చీరలు అమ్మే ముసలామె.

"మూడు వేలు పంపిన కొడుకా," అన్నది. "గంతకన్న లేకుండె నా దగ్గర. మనుమరాలు చదివి చెప్పింది, దవాఖానల ఉన్నదట అని."

"చీరలకు పంపినవా అవ్వా?"

"చీరలెందుకు? దవాఖాన ఖర్చుకు పంపిన. నాకు ఎన్నిసార్లు ఉద్దెర ఇచ్చిందో పిల్ల! ఎట్లున్నది ఇప్పుడు? లేసి తిరుగుతున్నదా?"

నేను పటం వైపు చూశాను. రుచిత లేచి వరండాలోకి పోయింది. చిన్నవ్వకు చెప్పడానికి ఎంతసేపు పట్టిందో నాకు గుర్తు లేదు. చెప్పాను. డబ్బు నేను పంపుతానంటే ఆమె, "దొంగ తిన్నది దొంగ పాపం, నువ్వెందుకిస్తవ్?" అని కోప్పడింది. అయినా ఆ నెల కూలిలోంచి పంపేశాను.

అందరికీ చెప్పడం అయ్యేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. రుచిత అన్నం వండి ముందు పెట్టింది.

"పెట్టె ఇగ రాదు బాపూ. వాడు పాతవి తీసేసి కూడ ఉంటడు. నువ్వు అన్నీ చదివినవ్ గదా, యాదికుంటయిలే."

"వాళ్లు రాసినవి చదివిన. మీ మమ్మీ రాసినవి చదవలే."

"పద్నాలుగు నెలలు రోజూ తెరిచినవ్. అవి ఎందుకు చదవలే?"

అబద్ధం చెప్పవచ్చు. కానీ ఎదురుగా పటం ఉంది. అరవై చీరల సంగతి, నా అనుమానం, సోమవారం దీపం ముందు నేను అడుగుతున్నదీ మొత్తం చెప్పేశాను.

రుచిత చేతిలో ముద్ద కంచంలో పడింది.

"అంటే పద్నాలుగు నెలలు దేవుని ముంగట మమ్మీ మీద కంప్లైంట్ ఇచ్చుకుంట కూసున్నవా?"

"కంప్లైంట్ కాదు బిడ్డా. మాఫీ చెయ్యుమని…"

"ఏం చేసిందని మాఫీ?"

ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. తెల్లారి కామ్‌రేజ్ వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. "బిజీ" అని ఒక్క మాట పంపేది.

ఆ తర్వాతి పది పన్నెండు రోజులు ఎట్లా గడిచాయో చెప్పడానికి ఏమీ లేదు. మబ్బు పట్టేది, వాన పడేది కాదు. మధ్యాహ్నం గదికి వచ్చి కూర్చుంటే చూడటానికి పెట్టె కూడా లేదు. గూట్లో ఫోన్ ఊరికే ఉంది. అదీ రుచిత అడిగిన మాటే నన్ను అడుగుతున్నట్టు ఉండేది. సోమవారం వచ్చింది. దీపం వెలిగించాను గాని ఏమని దండం పెట్టుకోవాలో తోచలేదు. తెలియని తప్పుకు మన్నింపు అడగడం భక్తి ఎట్లా అవుతుంది?

ఉత్తరం రాసినవాళ్ల దగ్గర పోతే మాత్రం, అందుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది కదా అని అప్పుడు తట్టింది. దీపం కొండెక్కకముందే కోరుట్లకు ఫోన్ చేశాను.

"పద్మక్కా, మీకు ఆమె రాసినవి ఉన్నయా?"

"ఉండక? ఆరేండ్లవి ఒక్కటి తియ్యలే. మా కోడలు చదివి వినిపిస్తుండె. ఎందుకు మరిదీ?" అన్నది. మొదటిసారి మరిదీ అన్నది. విజయ ఆమెకు చెల్లెలు కదా.

"నేను ఒక్కటి కూడ చదవలే అక్కా."

ఎందుకని ఆమె అడగలేదు. రుచిత మెయిల్ అడ్రస్ చెప్పాను. ఒకటి తర్వాత ఒకటి అన్నీ ఆ సాయంత్రమే పంపించింది.

ఆదివారం పొద్దున్నే రుచిత వచ్చింది. కోపం పోయిందో లేదో ముఖంలో తెలియలేదు. వచ్చి చాప మీద కూర్చున్నది.

"నూటా నాలుగు ఉన్నయ్. నేను ఇంకా చదవలే. నీ ముంగటనే చదువుదామని ఆపిన," అన్నది. "ఆ అరవై చీరలు ఏ ఏడు?"

చెప్పాను. వెతికి తీసింది. చదివింది.

'పద్మక్కా, మోకాలు నొప్పి తగ్గిందా? పసరు కట్టు ఆపవద్దు. ఈసారి అరవై చీరలు వచ్చినయి. అన్నిట్ల లోపలి కొస దగ్గర జానెడు మేర ఒక పోగు తప్పింది. ఫోటోలో వేలు పెట్టి చూపించిన, చూడు. మా ఇంటాయన ఎవరూ కొనరు అన్నడు. ఆయనకు బట్ట తెలుసు గాని చీర కట్టుడు తెల్వదు. ఆ కొస నడుము దగ్గర లోపలికి పోతది, ఎవరికీ కనబడది. అయినా కొనేవాళ్లకు ముందే విప్పి చూపించి అమ్ము. ధర అందుకే నూటయాభై తక్కువ. వద్దనుకుంటే వద్దని రాయి, నేనేమీ అనుకోను. తొందర లేదు.'

రుచిత ఆగింది.

"ఇంకోసారి చదువు," అన్నాను.

చదివింది. చీర కట్టుడు తెల్వదన్న చోట ఆమెకు నవ్వు వచ్చింది. నాకూ వచ్చింది. ముప్ఫై ఏళ్లు బట్ట నేసి, అది మనిషి ఒంటి మీద ఎట్లా మడత పడుతుందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"మా సార్‌కు ఇది చూపిస్తే నౌకరి నుంచి తీసేస్తడు," అన్నది రుచిత. "ముందు లోపం చెప్పింది. వద్దంటే వద్దని రాయమన్నది. తొందర లేదన్నది. మాకు నేర్పిందానికి అంతా ఉల్టా. అయినా అరవై పోయినయా?"

"కట్టలు నేనే మోసిన."

ఆ రోజంతా చదువుతూనే ఉన్నాం. మధ్యలో ఆమె టీ పెట్టింది. చీరల సంగతి రెండు మూడు వాక్యాలే ఉండేవి. రంగు దిగేదైతే దిగుతుందని, జారే బట్టైతే పిన్ను పెట్టాలని. ఒక్కటీ పెంచి రాసింది లేదు. చదువుతూ చదువుతూ రుచిత, "బాపూ, ఇది చూసినవా?" అన్నది. నాలుగేళ్ల కిందటి మెయిల్.

'పద్మక్కా, వంగపండు రంగు చీరకు జాకెట్ ముక్క రాలేదన్నవు. తప్పు నాదే, కట్ట విప్పి చూడకుండ పంపిన. ముక్క బాకీ ఉన్న. రంగు కలిసేది దొరికేదాక వేరేది పంపను.'

తర్వాతి మెయిల్ చివర, 'ముక్క ఇంకా దొరకలేదు. మరిచిపోలేదు.' ఆ తర్వాతిదాని చివరా అదే. క్షేమం అడిగి, చీరల సంగతి రాసి, ఆఖర్న ఆ మాట. శివరాత్రికి ముందు రాసిన చివరి మెయిల్‌లో కూడా ఉంది. అప్పటికి ఆమె మంచం మీద ఉన్నది. 'ముక్క ఇంకా దొరకలేదు. మరిచిపోలేదు.'

నేను పద్మారాణికి ఫోన్ చేశాను.

"ఆ చీర ఉన్నదా అక్కా?"

"ఉన్నది మరిదీ. అమ్మలే. నాకు రంగు మస్తు నచ్చింది, నేనే ఉంచుకున్న. ముక్క రాకుంట కట్టుడెట్ల అని పెట్టెలనే ఉన్నది. ఆ దినం నోరు జారి అన్న. గది పట్టించుకోకు, గింత ముక్క."

"చెంగు కుచ్చుల నుంచి నాలుగు పోగులు తీసి పంపుతరా?"

వారం తిరిగేసరికి కవరు వచ్చింది. తెల్ల కాగితం మీద టేపు అంటించి నాలుగు పోగులు. ఫోటో అయితే ఫోన్‌ఫోన్‌కూ రంగు మారుతుంది. పోగుకు ఆ గుణం లేదు. దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాను. వంగపండు రంగే గాని, వెలుగులోకి పెడితే లోపల ఎర్ర జీర ఒకటి ఉంది.

రింగ్ రోడ్డు మార్కెట్ల వెనక కట్‌పీసుల గల్లీలో వెతకడం మొదలుపెట్టాను. దుకాణాల వాళ్లు కాగితం చూడగానే తల అడ్డంగా ఊపేవారు. "కాకా, ఆ తో జూనో కలర్ ఛే. హవే నథీ ఆవతో," అన్నాడొక గుజరాతీ అబ్బాయి. పాత రంగు, ఇప్పుడు రావడం లేదట. మొదటి ఆదివారం ఎనిమిది దుకాణాలు తిరిగాను. రెండో ఆదివారం రుచిత కూడా వచ్చింది. నేను తెలుగులో గొణుక్కుంటే ఆమె గుజరాతీలో బేరం చేసేది. మూడో ఆదివారం, చినుకులు పడుతుంటే ఒక ముసలి సేఠ్ తన బల్ల కిందినుంచి ధూళి పట్టిన మూట లాగాడు. అడుగున ఉంది. ఎనభై సెంటీమీటర్ల ముక్క. ఎండ కోసం గల్లీ చివరి దాకా నడిచి, మబ్బు విడిచిన రెండు నిమిషాల్లో పోగులు పక్కన పెట్టి చూశాం. కలిసింది.

ఆ సాయంత్రం రుచిత నాకు కొత్త మెయిల్ తెరిచి ఇచ్చింది. రహస్యపదం నన్నే పెట్టుకోమని ముఖం అటు తిప్పుకున్నది. ఈసారి దేవుడి పేరు పెట్టలేదు. నా జన్మలో మొదటి మెయిల్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను.

'పద్మక్కా, నేను విజయశ్రీ ఇంటాయనను, సోమలింగాన్ని. మోకాలు ఎట్లుంది? జాకెట్ ముక్క దొరికింది. ఎండలో మీ పోగులతో కలిసింది. ట్యూబులైటు కింద ఒకింత ముదురుగా కనబడుతుంది. ఒకసారి నీళ్లలో ముంచి ఆరేసి కుట్టించండి. నచ్చకపోతే రాయండి, మళ్లీ వెతుకుతాను. తొందర లేదు.'

"ఏమన్న మార్చాల్నా?" అని అడిగాను.

రుచిత రెండుసార్లు చదివింది.

"ఏం మార్చకు," అన్నది. "పంపు."

మర్నాడు సోమవారం. దీపం వెలిగించి, ఈసారి నా ఒక్కడి తప్పు పేరు పెట్టి చెప్పుకున్నాను. ఊళ్ల నుంచి కారిగర్లు తిరిగి వస్తున్నారు. వరండాలో బుచ్చిరాములు చెప్పులు, పక్కన మామిడికాయ తొక్కు డబ్బా ఉన్నాయి. ముక్కను విజయశ్రీ మడిచినట్టే నాలుగు మడతలు వేసి, వానకు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి పార్సిల్ ఆఫీసుకు తీసుకెళ్లాను.

గుమాస్తా నన్ను గుర్తుపట్టాడు. ఇన్నాళ్లూ పెద్ద పెద్ద కట్టలు మోసుకొచ్చినవాణ్ణి కదా. అరచేతిలో పట్టే ఆ పొట్లాన్ని తూకం మీద పెట్టి, "బస్, ఇత్నా హీ?" అన్నాడు.

"ఇంతే," అన్నాను.

రసీదు పుస్తకం నా వైపు తిప్పాడు. అందుకునేవారి దగ్గర పద్మారాణి, కోరుట్ల అని రాశాను. కింద, పంపినవారు అన్నచోట, విజయశ్రీ అని రాశాను.